పుట్టింటికి పార్సెల్

"నాలుగున్నరకి కొరియర్ బండి వెళ్ళిపోతుంది. ఇవాళ పోకపోతే ఇక ఎప్పటికీ పోదు" అంది భార్య, కిటికీ దగ్గర నిలబడి వీధివైపు చూస్తూ.

"కంగారు పెట్టకు. కంగారులోనే మెడ విరిగేది" అన్నారు భద్రంగారు.

మెడ అంటే గిటార్ మెడ. గిటార్ భోజనాల బల్ల మీద, రెండు దిళ్ళ మధ్య వెల్లకిలా పడుకుని ఉంది.

ఆయనకి అసలు పేరేదో ఉంది. ముప్ఫై రెండేళ్ళు బల్బుల ఫ్యాక్టరీలో ప్యాకింగ్ సెక్షన్ చూశారు. పెట్టె కదిలినప్పుడల్లా "భద్రం, భద్రం" అని అరిచీ అరిచీ అదే పేరైపోయింది. ఆయన కట్టిన పెట్టెలో బల్బు పగిలిందన్న మాట ఆ ఫ్యాక్టరీలో ఎవరూ వినలేదు. రిటైరయ్యాక కట్టడానికి ఏమీ లేక చేతులు ముడుచుక్కూర్చున్న మనిషికి ఇన్నాళ్ళకి ఈ గిటార్ దొరికింది.

ముందు తీగలు వదులు చేశారు. బిగుతుగా ఉంచి పంపితే, దారిలో ఏ కుదుపుకో అవి మెడను లాగేస్తాయి. ఒక్కో మరనూ మూడేసి చుట్లు వెనక్కి తిప్పారు. ఆఖరి తీగ "టుంయ్" అంది.

భార్య ఉలిక్కిపడి పైకప్పువైపు చూసింది. ఆయన చటుక్కున తీగ మీద అరచెయ్యి వేశారు.

ఎనిమిది నెలలు. రోజూ ఐదింటికి, ఇంకా చీకటి విడకముందే, ఈ గిటార్‌తోనే వాళ్ళకి తెల్లారేది. ఒకటే పాట. అదీ సగం పాట. ఇకమీదట ఆ సగం కూడా వినపడదు. ఆ మాట తలచుకోగానే ఆయన కళ్ళు చెమర్చాయి.

"ఊరుకోండి, చిన్నపిల్లాడిలా" అంది భార్య, తనూ కళ్ళు ఒత్తుకుంటూ.

తీగల కింద మెత్తటి కాగితం మడిచి దూర్చారు. తల కింద చిన్న దిండు, మెడకి రెండు పక్కలా గుడ్డ చుట్టలు. చెమ్మ తగలకుండా మందు సీసాల్లోంచి ఏరి దాచిన పొట్లాలు నాలుగు. పెట్టెలో పెట్టె. రెండు పెట్టెల మధ్య నలిపిన కాగితం ఉండలు, వేలు దూరకుండా.

"ఇల్లు మారినప్పుడు నా పింగాణీ సామాను ఇలా కట్టుంటే, ఇవాళ కప్పుకో సాసరుండేది" అంది భార్య.

"అప్పుడు నాకు సెలవు దొరకలేదే."

"దీనికైతే తీరిక దొరికింది" అని మూతి ముడిచిందే గానీ, లోపలికెళ్ళి తన కొత్త దుప్పటి తెచ్చిచ్చింది. "ఇదీ చుట్టండి. దానికంటే ఎక్కువా!"

గిటార్ బొజ్జలోకి టార్చి వేసి, లోపల అంటించిన కాగితం మీద తయారుచేసిన వాళ్ళ అడ్రసు చూసి రాసుకున్నారు. ఎక్కడో వెయ్యి కిలోమీటర్ల అవతల. ఒక చీటీ కూడా పెట్టారు: "దీన్ని ఇకమీదట మీ దగ్గరే ఉంచుకోగలరు. నమస్కారాలతో." కింద సంతకం పెట్టబోయి ఆగారు.

పెట్టెకి చెవి ఆనించి ఊపారు. లోపల చీమ కదిలిన చప్పుడు లేదు.

"చేసే పని ఎలాంటిదైనా, ప్యాకింగ్‌లో వంక పెట్టడానికి వీల్లేదు" అన్నారు తృప్తిగా. "ఒక్క గీత పడిందని తెలిస్తే నాకు అన్నం సహించదు."

"సరేగానీ, తాళంచెవి మేకుకి తగిలించారా?"

"ఎప్పుడో."

వీధి చివరే ఒక కొరియర్ ఆఫీసు ఉంది. అయినా రెండు కిలోమీటర్ల అవతలి దానికి వెళ్ళారు. అక్కడైతే జాగ్రత్తగా చూస్తారని ఎవరో చెప్పారట.

కౌంటర్లో అమ్మాయి పెట్టెను అటూ ఇటూ తిప్పి చూసింది. "ఇంత ప్రేమగా కట్టినవాళ్ళని నేను చూళ్ళేదంకుల్. అమ్మేశారా?"

"లేదు తల్లీ. పుట్టింటికి పంపిస్తున్నాం."

"అయ్యో, బెంగగా ఉండదూ?"

"ఏం చేస్తాం. గుండె రాయి చేసుకున్నాం."

ఆ అమ్మాయి ఆయన నింపిన ఫారం చూసి నొసలు చిట్లించింది. "పంపేవారు, అందుకునేవారు రెండిట్లో ఒకే అడ్రసు రాశారేంటి? ఒకవేళ అక్కడ తీసుకోకపోతే మీ దగ్గరికి తిరిగి రావాలి కదా?"

"అదేనమ్మా రాకూడ..." అనబోయిన భార్య కాలు తొక్కారు భద్రంగారు.

"మేం ఊళ్ళో ఉండటం లేదమ్మా" అన్నారు. అబద్ధం ఆడి చాలా కాలమైంది కాబోలు, చెవులు ఎర్రబడ్డాయి.

నాలుగూ ఇరవై ఎనిమిదికి పెట్టె బండెక్కింది. "భద్రం, భద్రం" అని ఆయన ఒక్క కేక పెట్టారు. బండి మలుపు తిరిగేదాకా ఇద్దరూ చేతులు ఊపారు.

ఇంటికొచ్చి టీ కలుపుకున్నారు. ఇల్లంతా నిశ్శబ్దం. గడియారం టిక్కుటిక్కులు వినిపిస్తున్నాయి. అది టిక్కుమంటుందన్న సంగతే వాళ్ళు మరిచిపోయారు.

"రేపు పొద్దున ఏడింటిదాకా పడుకుందామా?" అంది భార్య, సిగ్గుపడుతూ.

"ఎనిమిది" అన్నారు భద్రంగారు.

అంతలో తలుపు చప్పుడైంది.

తీస్తే, ప్రయాణపు సంచీ భుజాన వేసుకుని పైవాటా డ్రిల్లు మాస్టారు, "నాలుగు రోజులూ మా మొక్కలకి నీళ్ళు పోసి పుణ్యం కట్టుకున్నారు బాబాయిగారూ, ఆ తాళంచెవి ఇలా ఇచ్చేస్తే పైకెళ్ళి నా గిటార్ అందుకుంటాను, రెండో సగం కూడా నేర్చుకొచ్చా!" అన్నాడు.