బోణీకి ముందు వచ్చే ముసలాయన

బోణీ కాకముందే ఆ ముసలాయన మళ్ళీ వచ్చేడు.

"టైమెంతయ్యింది బాబూ?"

రాయగడ బజార్లో ఈశ్వరప్రసాద్‌ది చింతపండు హోల్‌సేలు కొట్టు. పొద్దుటే వట్టి చేతుల్తో వచ్చినోడు కొట్టుకి అరిష్టమని అతని నమ్మకం. ఈయన చూస్తే ఏదీ కొనడు. పోనీ టైము చెబితే వింటాడా, వినడు. చూపు ఆనదంటూ ప్రసాద్ ఎడం చెయ్యి పట్టుకుని, వాచీ కేసి చూస్తూ అలా నిలబడిపోతాడు.

"అంకెలు లెక్కెడతన్నావేటి? వొదులు."

ముసలాయన నవ్వి వదిలేసేవాడు.

ప్రసాద్‌కి అరవడం అలవాటే. బస్తాలు మోసే కలాసీల మీద, లారీవాళ్ళ మీద, చింతపండు తెచ్చిన కొండ ఊళ్ళ ఆడవాళ్ళ మీద. అరిచేక చెమటలు, తల తిరుగుడు. డాక్టరు దగ్గరికి వెళ్దామని పెళ్ళాం విజయదుర్గ బతిమాలితే ఒకటే మాట.

"కోపం లోపల దాసుకున్నోడికే గుండెజబ్బు. నేను ఎప్పటిదప్పుడు కక్కేస్తాను. నాకేటవుతాది?"

చిత్రమేటంటే, అతను గట్టిగా అరిచిన ప్రతిసారీ ముసలాయన ఎదుటి టీకొట్టు బల్ల మీంచి లేచి వచ్చేవాడు. మళ్ళీ అదే ప్రశ్న. మళ్ళీ చెయ్యి పట్టడం.

ఒక సోమవారం పట్టిన చెయ్యి ఎంతకీ వదల్లేదు.

"బాబూ, ఇయ్యాల ఎవుల్నీ కసరకు. కొట్టు మూసి పడుకో."

బోణీ కాకుండా కొట్టు మూయమనడమా! ప్రసాద్ వాచీ ఊడబీకి ఆయన మీదకి విసిరేడు. అది పట్టుకుపొమ్మన్నాడు. మళ్ళీ గుమ్మం తొక్కితే కాళ్ళిరగ్గొడతానన్నాడు.

ముసలాయన వాచీ ఏరి, పంచెతో తుడిచి, కాటా పళ్ళెంలో పెట్టి వెళ్ళిపోయేడు. మరి రాలేదు.

పన్నెండో రోజున, తడిసిన బస్తాల గురించి లారీ డ్రైవర్ని తిడుతూ తిడుతూనే ప్రసాద్ కాటా పక్కకి ఒరిగిపోయేడు.

ప్రాణం దక్కింది. ఎడం చెయ్యి పడిపోయింది.

ఆస్పత్రిలో విజయదుర్గ ఇచ్చిన కాగితం డాక్టరు రెండుసార్లు చదివేడు. తేదీల పక్కన నాడి లెక్కలు. అరవకముందు డెబ్భై ఆరు. అరిచేక నూట పద్ధెనిమిది. అరగంటకి కూడా నూరు. ఆఖరి సోమవారం దగ్గర మాత్రం, 'నాడి మధ్యలో తప్పుతోంది. ఆలస్యం చెయ్యకమ్మా' అని ఉంది.

కక్కేస్తే గుండె తేలికవదనీ, అరిచినప్పుడల్లా రక్తపోటు ఎగబాకిందనీ డాక్టరు చెప్పేడు. ఆ సోమవారమే తీసుకొస్తే చెయ్యి దక్కునేమో అన్నాడు.

పన్నెండు రోజులూ రమ్మని కాళ్ళు పట్టుకున్నానందామె. కాగితం చూపిస్తే ఇంకా రేగిపోతాడని దాచేనంది.

"ఎవులు రాసేరు?" మంచమ్మీంచి ప్రసాద్ ముద్దముద్దగా అడిగేడు.

విజయదుర్గ ఆ పడిపోయిన చెయ్యి ఒళ్ళో పెట్టుకుంది.

"మీ వాచీ సూసే ముసలాయనేనండి. నారాయణపట్న ఆస్పత్రిలో ముప్ఫయ్యేళ్ళు నాడి పట్టిన కాంపౌండరు ఎర్రయ్యగారు. మీరు డాక్టరు దగ్గరికి రారని నేనే బతిమాలి పంపించేను."