దానిమ్మకు గొడ్డలి

"కాస్తావా, నరకమంటావా?"

నారపరెడ్డి పెరట్లోని దానిమ్మ మీదికి గొడ్డలి ఎత్తాడు. కాయని చెట్టును అలా బెదిరించాలి. అప్పుడు ఇల్లాలు అడ్డుపడి, వచ్చే ఏడు తప్పకుండా కాస్తుందని పూచీ పడాలి. అది వాళ్ల ఆచారం.

అతని భార్య కొండమ్మ అరుగు మీద కొర్రలు చెరుగుతూ ఉంది. కదలలేదు.

"ఏమే, నోరు పడిపాయెనా? చెప్పు!"

"ఏం చెప్పల్ల? కర్నూలు రాజధాని అయిన ఏడు నాటితిమి. ఆ రాజధాని గూడా లేసి హైదరాబాదుకు పాయె. ఇది ఒక్క కాయ కాయలే. నరుకు."

"నిజంగానే నరికేస్తా సూడు!"

"ఎవరు వద్దన్యారు?"

గొడ్డలి గాలిలోనే ఆగిపోయింది.

పన్నెండేళ్లుగా ప్రతి తగాదాలోనూ, ఆమెను పుట్టింటికి తోలేస్తానని అతను లేచేవాడు. ఆమె కాళ్లు పట్టుకునేది. అతను తగ్గేవాడు. ఆ తగ్గడం దయ అనుకుంది ఆమె ఇన్నాళ్లూ.

ఇప్పుడు అతను చెట్టు వంక చూడటం లేదు. ఆమె నోటి వంక చూస్తున్నాడు. ఎత్తిన గొడ్డలి అలాగే ఉంది.

"ఒక్క మాట అనవే," అన్నాడు గొంతు తగ్గించి. "వద్దు అను."

తోలేస్తానన్న బెదిరింపులూ ఇంతేనని, తను వద్దనకపోతే అతనికి తగ్గే దారే లేదని కొండమ్మకు అర్థమైంది.

"దించప్పా, చెయ్యి నొస్తాది," అంది, చేట మీద నుంచి తలెత్తకుండానే.

అతను వెంటనే దించాడు.

ఇతనికి భయపడి బతికిన పన్నెండేళ్లూ గుర్తొచ్చి, అతని మీద కన్నా తన మీదే ఆమెకు ఎక్కువ రోత పుట్టింది.