సర్పంచిగారి కుర్చీ

"రేయ్ ప్రణీతూ, ఆ కుర్చీలోంచి లెయ్! గెలిచింది మీ అక్క కదరా!" అని అరిచాను.

పిల్లలకు పౌర బాధ్యత నేర్పాలని బడిలో అయ్యవారు ఉత్తుత్తి గ్రామసభ పెట్టాడు. ఓట్లేసి నా మనవరాలు హేమావతిని సర్పంచిగా గెలిపించారు. ముఖ్య అతిథిగా ఊరి సర్పంచిని పిలిచారు, నేను పోయాను. అసలు సర్పంచి నా భార్య కదిరమ్మే అనుకోండి. ఆమె చేనులో కలుపు తీస్తోంది.

ప్రణీత్ కదల్లేదు. "అక్క తరఫున నేనుండా కదా తాతా!"

"ఏమే, నీకు నోరు లేదా?" అన్నాను హేమావతితో.

"ఆడపిల్లోళ్ల బాత్రూమ్‌కు నీళ్లు అడగల్లని ఉండాది తాతా" అంది. "అయితే గెలిచినామె సంతకమే పెట్టల్లంట. కుర్చీలో మగోళ్లు కూర్చోవల్లంట. మనింట్లో అట్లే కదా?"

పిల్లలందరూ నావైపు చూశారు. అయ్యవారు అనవసరంగా శ్రమపడ్డాడు. పాఠం వీళ్లకు ఎప్పుడో ఒంటబట్టింది.

బయటికొచ్చి కదిరమ్మకు ఫోన్ చేశాను. "యాడుండావు? తొందరగా బడికాడికి రా."

"ఏం, సంతకం పెట్టల్లనా?" అంది. "కాగితం ఈడికే తెస్తావు కదయ్యా ఎప్పుడూ!"