అడ్డదారి

“రేపు పొద్దున అందరూ ఒక్కొక్కరుగా నా ముందు కూర్చుని సర్వర్లో పని చేసి చూపించాలి,” అనేసి మేనేజరు విసురుగా వెళ్ళిపోయాడు.

నత్తన్న గుండెల్లో రాయి పడింది. నత్తన్న అన్నది అతని నెమ్మది చూసి ఆఫీసువాళ్ళు పెట్టిన పేరే. సర్వర్ నల్లటి తెర మీద ఒక ఫోల్డర్లోంచి ఇంకో ఫోల్డర్లోకి పోవాలంటే అతను దారి మొత్తం అక్షరం అక్షరం కొట్టుకుంటూ పోతాడు. ఒక్కటి తప్పితే మళ్ళీ మొదటికే.

“ఉద్యోగాలు పీకేస్తారట్రా. ముందు నాదే,” అన్నాడు పక్క సీట్లో ఉన్న బావమరిదితో.

“నీది పోతే అక్క నన్ను గడప తొక్కనిస్తుందా? జరుగు బావా.” కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. “నువ్వు ఊరంతా తిరిగి ఇంటికెళ్తున్నావు. ఒకసారి వెళ్ళొచ్చిన ఫోల్డరైతే దారంతా అక్కర్లేదు. జెడ్ కొట్టి, దాని పేరులో చిన్న ముక్క కొట్టు. వెనక్కి రావాలా? సీ, డీ అని రెండక్షరాలు కొట్టి, పక్కన చిన్న గీత. అంతే.”

నత్తన్న కొట్టి చూశాడు. ఎక్కడో అడుగున ఉన్న ఫోల్డరు ఠక్కున ముందుకొచ్చింది.

“ఓరి నీ! ఇన్నాళ్ళూ చెప్పలేదేంరా?”

“ఇప్పుడు చెప్పాగా.”

చేతికి అలవాటయ్యేదాకా బావమరిది కదలనివ్వలేదు. నత్తన్నకి కళ్ళు చెమ్మగిల్లాయి.

మర్నాడు మేనేజరు పక్కన ఎవరో కొత్తాయన నిలబడి ఉన్నాడు. నత్తన్న వేళ్ళు పరుగులు తీశాయి. ఏ ఫోల్డరు అడిగితే అది, అడగడమే ఆలస్యం.

“చాలు,” అన్నాడు మేనేజరు. మొహంలో మెప్పు లేదు. “కస్టమర్ల ఫైళ్ళు ఎవరో ఎత్తుకెళ్ళి అమ్ముకున్నారు. ఆ దొంగ అందరూ వాడే లాగిన్‌తోనే వచ్చాడు. వాడు కొట్టింది మాత్రం సర్వర్లో నమోదైంది, అచ్చం ఇలాగే, జెడ్లూ ముక్కలూ. ఇన్నాళ్ళూ నత్తలా భలే నటించావయ్యా!”

“లేవండి. స్టేషన్‌కి వెళ్దాం,” అన్నాడు కొత్తాయన.

నత్తన్న దిగ్గున లేచాడు. “అయ్యో సార్! నిన్ననే మా బావమరిది నేర్పాడు! కావాలంటే వాణ్ణే అడగండి!”

మేనేజరు బావమరిదిని పిలిచి కీబోర్డు ముందు కూర్చోబెట్టాడు. “నీకొచ్చా ఇది?”

అతను బావ వైపు చూడలేదు. ఒంటివేలితో అక్షరాలు వెతుక్కుంటూ, “అంత స్పీడు నాకెక్కడిది సార్,” అన్నాడు, “నాకు ఈ మాత్రం కొట్టడం నేర్పిందే మా బావ.”