తొంబై గ్రాములు

ఆర్మూరు పసుపు యార్డు పక్కన లింబాద్రి కిరాణా దుకాణంలో, కిలో అని అమ్ముతున్న లీటరు నెయ్యి సీసాను కాంటా మీద పెట్టించాను. ఖాళీ సీసా బరువు తీసేస్తే తొమ్మిది వందల పది గ్రాములే తేలింది.

“లీటరు నెయ్యి కిలో ఎట్లయితది సేటూ? తొంబై గ్రాములు ఎవలు మింగుతున్నరు?” అని నిలదీశాను. యార్డు హమాలీలు చుట్టూ మూగారు.

“లీటరంటే కిలోనే అనుకొని ఇంటికాడ నింపుతది పాపం, ఒకామె. జర ఇడ్సిపెట్టు బిడ్డా,” అన్నాడు లింబాద్రి.

“మోసం మోసమే. పేరు చెప్పు, తూనికల ఆఫీసుకిచ్చే దరఖాస్తుల రాస్త.”

“రాస్తే నా పేరు రాస్కో. ఆమెది అడగకు.”

“చెప్పేదాకా మేం కదలం,” అంటూ హమాలీ పోచన్న గుమ్మానికి అడ్డంగా కూర్చున్నాడు. “మూత గూడ తీయి తమ్మీ. కల్తీ ఉన్నదేమో చూద్దాం.”

తీశాను. నెయ్యి కారకుండా మూత కింద మడిచి పెట్టిన కాగితం చేతికొచ్చింది. దోపిడీ మీద నేను రాసుకున్న కరపత్రం చిత్తుప్రతి అది. మొన్న సీసాల మూతలకని మా అమ్మ అడిగితే, చింపుకోమన్నది నేనే. ఆ సీసాలు ఎక్కడికి పోతాయో ఏనాడూ అడగలేదు.

లింబాద్రి తల దించుకున్నాడు.

“కాగితంల పేరున్నదా తమ్మీ?” అన్నాడు పోచన్న, గుమ్మంలోంచి కదలకుండా. “ఉంటే రాయి.”