అప్పగించిన మనిషి

"ఆ ఒక్క మాట మార్చకండి బాబూ," అన్నాడు వెనక బెంచీలోంచి ఒక ముసలాయన.

కొత్త బైబిలు అనువాదాన్ని అచ్చుకు పంపేముందు చర్చి హాల్లో చదివి వినిపిస్తున్నారు.

అనువాదకుడు కాగితాల్లోంచి తలెత్తాడు.

"ఏ మాటండీ?"

"యేసుని శత్రువులకి యూదా 'అప్పగించాడు' అని ఉండేది. మీరు 'ద్రోహం చేశాడు' అని చదివారు."

"ఆ మాట అర్థం మారిపోయిందండీ. ఇప్పుడు అప్పగించడమంటే పక్కింటావిడకి తాళంచెవి అప్పగించినట్టుంది. తండ్రి అయిన దేవుడు మనకోసం తన కొడుకుని అప్పగించాడనే చోట పాత మాటే ఉంచాను. యూదా దగ్గర మాత్రం కుదరదు."

"ఇన్నాళ్ళూ ఇద్దరికీ ఒకే మాట సరిపోయింది కదా. అప్పగించినవాళ్ళంతా ద్రోహులే అంటారా?"

అనువాదకుడు కాగితాలు పక్కన పెట్టాడు.

"మా నాన్న మిల్లులో సమ్మె నడిపాడు. ప్రాణస్నేహితుడే ఇంట్లో దాచినట్టే దాచి, పోలీసుల్ని పిలిచాడు. అప్పుడు నేను చంటిపిల్లాణ్ణి. మా అమ్మ నాలుగిళ్ళలో గిన్నెలు తోమి నన్ను పెంచింది. దాన్ని ఏమంటారు మరి?"



ముసలాయన ముందు బెంచీ పట్టుకుని నిలబడ్డాడు.

"నాన్నగారు... ఉన్నారా?"

"పోయారు. విడుదలయ్యాక కూడా ఆ మనిషి ఊసు ఇంట్లో ఎత్తనివ్వలేదు. ఎదురుపడితే ముఖం తిప్పుకుని వెళ్ళిపోయేవారట."



"అయితే మార్చెయ్యండి బాబూ," అని ముసలాయన మెల్లగా బయటికి నడిచాడు.

పుస్తకం అచ్చయింది. మొదటి ప్రతి తెచ్చి తల్లి చేతిలో పెట్టాడు అనువాదకుడు. ఆ పేజీ తీసి చూపించాడు.

"నాన్నకి జరిగినదానికి సరైన పేరు పెట్టానమ్మా. ఎవరో ముసలాయన అడ్డం పడ్డాడు. నా మాట విన్నాక తనే తగ్గాడులే. మిల్లు వెనక సందులో దర్జీ అట. పోయిన వారం సమాధి చేశారు."

ఆమె వేలు ఆ పేజీ మీదే ఆగిపోయింది.

"మీ నాన్నని దాచింది ఆ దర్జీ ఇంట్లోనేరా."

అతను కుర్చీలోంచి లేచాడు.

"వాడా? నా ఎదురుగా నిలబడి ద్రోహి కాదని వాదించాడా? నాన్న ఉన్నారా అని కూడా అడిగాడే."

"వాడు అనకు."

"ఏమనాలి మరి?"

ఆమె కొడుకు వైపు చూడలేదు.

"మిల్లు యజమాని మనుషులు మీ నాన్నని నరకడానికి ఇల్లిల్లూ వెతుకుతుంటే, జైల్లో అయినా ప్రాణాలతో ఉంటాడు, పోలీసులకి అప్పగించమని ఆయన కాళ్ళు పట్టుకున్నది నేనేరా. నా పేరు బయటపెట్టనన్న మాట ఆయన పోయేదాకా నిలబెట్టుకున్నాడు, మీ నాన్న ఇంటికి రాగానే నిజం చెప్తానన్న నా మాటే నేను తప్పాను."