ఒకే కొలత ఓదార్పు

"ధైర్యంగా ఉండండి. దేవుడికి మంచివాళ్ళు తొందరగా కావాలి," అన్నాడు బ్యాంకు మేనేజరు, కుర్చీ దగ్గరికి జరుపుకుని, ఆయన భుజం మీద చెయ్యేసి.

ఆయన తన భార్యను సమాధి చేసి వచ్చింది నిన్ననే. పొద్దుట్నుంచి ఆ భుజం మీద పడ్డ చేతులకి లెక్కలేదు. బాధ సంగతి తర్వాత, ముందు భుజం వాచేలా ఉంది.

"అలాగైతే మనిద్దరికీ ఇంకా చాలా టైముంది లెండి," అన్నాడాయన.

నవ్వాలో వద్దో తెలియక మేనేజరు ఫ్యాను వంక చూశాడు.

ఆయనకి కావలసింది ఒక్కటే. ఎవరితోనైనా ఆమె గురించి మాట్లాడాలి. గొప్ప సంగతులేం కాదు. ఫ్రిజ్ తలుపుతో ఆమె రోజూ పెట్టుకునే తగువు. పాట ఎత్తుకుంటే శ్రుతి ఒకచోట, ఆమె ఇంకోచోట. అవన్నీ గొంతులో అడ్డంపడి, నిన్నటినుంచి ముద్ద దిగడం లేదు.

"మా ఆవిడ, ఆ ఫ్రిజ్ తలుపు పడకపోతే..." అని మొదలుపెట్టాడు.

"వద్దండీ," మేనేజరు భుజం నొక్కాడు. "గుర్తుచేసుకున్నకొద్దీ బాధ."

అతను గుమ్మం దాటాడో లేదో టైలరు వచ్చాడు. కుర్చీ జరిపాడు. చెయ్యి వేశాడు.

"ధైర్యంగా ఉండండి. దేవుడికి మంచివాళ్ళు..."

"తొందరగా కావాలి. విన్నాను. ఊరందరికీ కొలతలు తీసి కుడతావు కదయ్యా, ఓదార్పు మాత్రం రెడీమేడ్ తెచ్చావేం?"

టైలరు టీ సగంలో వదిలేసి లేచాడు.

"అన్నయ్యా, వచ్చినవాళ్ళని కరిచి పంపకు," అంది వంటింట్లోంచి చెల్లెలు.

"కరవడం లేదే. రుచి చూస్తున్నాను. అన్నీ ఒకే వంట."

సాయంత్రం టీచరమ్మ వచ్చింది. ఆవిడ భర్త పోయి ఏడాది. ఈవిడకైనా తెలుస్తుందని ఆయన ఆశగా చూశాడు. ఆవిడ కుర్చీ జరిపింది. ఆయన ప్రాణం ఉసూరుమంది.

"ఆగండమ్మా! మీవారు పోయినప్పుడు మీకూ ఎవరో ఇదే చెప్పారా?"

"చెప్పారండీ."

"ఆయన గురించి మీరు ఏదైనా చెప్పబోతే?"

"వద్దన్నారు. గుర్తుచేసుకున్నకొద్దీ బాధట." ఆవిడ కుర్చీ అంచున కూర్చుంది. "నిద్రలో ఆయన లెక్కలు అప్పజెప్పేవారు. అది చెప్పుకుని ఒక్కసారి నవ్వుకుందామనుకున్నాను. ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు."

"మీకు కోపం రాలేదా?"

"ఎందుకు రాదూ? పెద్దమనిషి, పనులు మానుకుని వచ్చారు కదా అని మింగేశాను."

ఆయన కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. లేచి నిలబడ్డాడు.

"ఏం పెద్దమనిషమ్మా వాడు! ఎవడో చెప్పండి, ఇప్పుడే వెళ్ళి నాలుగు దులిపి వస్తాను."

టీచరమ్మ ఇబ్బందిగా హ్యాండ్‌బ్యాగు సర్దుకుంది.

"మీరే కదండీ, పాస్టరుగారూ."